ద్వారపాలకుడు లేని వాకిలి

ఈ టపా కంప్యూటరు గురించి. తెలుగు మేష్టరుకు ఈ గొడవ ఎందుకని నవ్వుకొనేవారు నవ్వుకోవచ్చును. కాని దీనివెనుక ఒక కథ ఉన్నది. ముందు అది చెప్పి తరువాత చరిత్రలోకి వెళ్తాను.

2012 వేసవిలో మా మిత్రులొకరు స్వర్గస్థులైనారు. ఆయనా నావలెనే తెలుగు పండితుడు. పదవీ విరమణ తరువాత ఆయన పెట్టుకున్న పని ఒక్కటే: గోదావరి లంక గ్రామాలలో తిరిగి, రైతులూ పడవవాళ్లూ వాడే మాటలు సేకరించి, అర్థంతో సహా కంప్యూటరులోకి ఎక్కించడం. ఎనిమిదేళ్లు ఆ పని చేశారు. కాగితం మీద నకలు పెట్టుకోలేదు. కర్మకాండలు ముగిసిన కొన్నాళ్లకు ఆ ఇల్లాలు కంప్యూటరును ఆటోలో వేయించుకొని మా ఇంటికి వచ్చి, “అన్నయ్యగారూ, ఆయన రాసుకున్నవన్నీ ఇందులోనే ఉన్నాయి. నాకు తెరవడం తెలియదు” అన్నారు.

యంత్రాన్ని వెలిగించాము. నీలిరంగు తెర ఒకటి వచ్చి నిలిచింది. దానిమీద ఆయన పేరు ఆంగ్ల లిపిలో, చిన్న అక్షరాలతో ఉన్నది. కింద ఒక ఖాళీ గడి. సంకేతపదం చెబితే లోపలికి పంపుతుంది, లేకపోతే లేదు. మనవడి పేరు వేసి చూశాము, ఊరి పేరు వేశాము, పోతనగారి పేరు కూడా ప్రయత్నించాము. ప్రతిసారీ ఆ గడి ఒకమారు అటూ ఇటూ ఊగి మళ్లీ ఖాళీ అయ్యేది. పుట్టెడు దుఃఖంలో ఉన్న ఆమె ఎదుట ఆ ఊగిసలాట నాకు ఎగతాళిగా తోచింది.

సాయంత్రం మా మేనల్లుడు వచ్చాడు. విషయమంతా విని, ఆమె అనుమతి అడిగి, యంత్రాన్ని ఆర్పి వెలిగించాడు. అది మేల్కొంటున్న తొలి క్షణాలలో ఒక మీట నొక్కాడు. తెర మీద కొన్ని పంక్తులు వచ్చినవి. అందులో ఒక పంక్తి చివర ‘సింగిల్’ అన్న ఒక్క మాట చేర్చి ముందుకు పోనిచ్చాడు. ఈసారి నీలి తెర రానేలేదు. నల్లని తెర, తెల్లని అక్షరాలు. ఎవరివి నీవని అడిగినవారు లేరు. “అయిపోయింది మామయ్యా” అన్నాడు.

నాకు సంతోషంతోపాటు ఏదో కలవరం కూడా కలిగింది. మధ్యాహ్నమంతా మమ్మల్ని వాకిట నిలబెట్టిన ద్వారపాలకుణ్ణి ఒక్క మాటతో తప్పించవచ్చునా? తప్పించగలిగినప్పుడు వాడు అక్కడ కాపలా కాస్తున్నది దేనికి? వైకుంఠ ద్వారం దగ్గర సనకసనందనాదులను అడ్డగించినందుకు జయవిజయులు మూడు జన్మల శాపం అనుభవించారు. ఈ ద్వారపాలకుని పుట్టుపూర్వోత్తరాలేమిటో తెలుసుకోవాలనిపించింది. ఆనాటినుండి వీలున్నప్పుడల్లా చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మొదట గ్రహించవలసినది, ఈ కాపలా దొంగల కోసం పుట్టలేదు. 1961 నవంబరులో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో ఫెర్నాండో కొర్బటో, ఆయన సహచరులు ఒకే గణక యంత్రాన్ని ఒకే సమయంలో పలువురు వాడుకొనే ఏర్పాటును ప్రదర్శించి చూపారు. దానిపేరు కంపాటిబుల్ టైమ్ షేరింగ్ సిస్టమ్. పొడి అక్షరాలలో సి.టి.ఎస్.ఎస్. అంతకుముందు యంత్రం ముందు వరుసలో నిలబడి, చిల్లుల కార్డుల కట్ట అందించి, మర్నాటికి ఫలితం తెచ్చుకొనేవారు. ఇప్పుడు ఎవరి టైపు యంత్రం ముందు వారు కూర్చుంటే చాలు, ఒక్కటే గణకం వంతులవారీగా అందరికీ పలుకుతుంది. అయితే ఇందులో రెండు చిక్కులు వచ్చినవి. ఎవరు ఎంత సమయం వాడారో లెక్క ఉండాలి; ఒకరి కాగితాలు మరొకరు కెలకకుండా ఉండాలి. అందుకని ప్రతివారికీ ఒక పేరు, ఒక సంకేతపదం ఇచ్చారు. మా బడిలో హాజరుపట్టీ ఎటువంటిదో అదీ అటువంటిదే. పిలిచిన పేరుకు పలికినవాడు ఆ పేరుగలవాడేనని నమ్మడానికి ఒక గుర్తు, అంతే.

హాజరుపట్టీ ఉన్నచోట దొంగ హాజరు ఉండనే ఉంటుంది. 1962లో అక్కడే పరిశోధన చేస్తున్న అలన్ షెర్ అనే విద్యార్థికి వారానికి కేటాయించిన గంటలు చాలలేదు. సంకేతపదాలన్నీ యంత్రంలో ఒక దస్త్రంగా ఉన్నవని అతనికి తెలుసు. ఏ దస్త్రాన్నైనా అచ్చువేసి ఇమ్మని కార్డు ద్వారా కోరే వీలుండేది. ఒక శుక్రవారం రాత్రి ఆ దస్త్రాన్నే అచ్చువేయమని కోరిక పెట్టి, మర్నాడు వెళ్లి కాగితాలు తెచ్చుకున్నాడు. నేరం పదిమందికీ పంచితే తన పాలు తగ్గుతుందని కాబోలు, మరికొందరికి కూడా ఆ సంకేతపదాలు ఇచ్చాడు! ఈ సంగతి 2011లో, ఆ వ్యవస్థ స్వర్ణోత్సవ సంచికలో తానే రాశాడు. ఇటువంటి విద్యార్థులు నా తరగతిలోనూ ఉండేవారు. చివరకు బాగుపడేదీ వాళ్లే.

1966లో జరిగినది మరీ చిత్రం. లోపలికి వచ్చిన ప్రతివారికీ తొలుత ఒక స్వాగత ప్రకటన కనిపించేది. ఒకనాడు నిర్వాహకులలో ఒకరు ఆ ప్రకటనను, మరొకరు సంకేతపదాల దస్త్రాన్ని ఏకకాలంలో దిద్దుతున్నారు. దిద్దుబాటు పరికరం తాత్కాలిక ప్రతికి ఎప్పుడూ ఒకే పేరు పెట్టేది, రెండూ తారుమారైనవి. ఆ శుక్రవారం సాయంత్రం లోపల అడుగుపెట్టిన ప్రతివారికీ స్వాగత వాక్యానికి బదులు ఊరందరి సంకేతపదాలు దర్శనమిచ్చినవి. కొర్బటో 1990లో ట్యూరింగ్ పురస్కారం పొందిన తరువాత చేసిన ప్రసంగంలో కూడా ఈ ముచ్చట చెప్పాడు. ఆయనే 2014లో ఒక పత్రికతో మాట్లాడుతూ సంకేతపదాలు పీడకలగా తయారైనవన్నాడు. తన సంకేతపదాలన్నీ గుర్తుపెట్టుకోలేక మూడు పుటల కాగితం దాచుకున్నానని ఒప్పుకున్నాడు. 2019లో ఆయన కాలం చేశాడు.

అదే ఎం.ఐ.టి.లో, అదే దశాబ్దంలో, ఈ ద్వారపాలకుడే అక్కరలేదన్నవారు పుట్టారు. కృత్రిమ మేధ ప్రయోగశాలలోని కుర్రవాళ్లు సొంత వ్యవస్థ ఒకటి కట్టుకొని, కంపాటిబుల్ అన్న మాటను వెక్కిరిస్తూ దానికి ఇన్‌కంపాటిబుల్ టైమ్ షేరింగ్ సిస్టమ్ అని పేరు పెట్టారు. అందులో సంకేతపదం లేదు. ఎవరైనా కూర్చొని పని మొదలుపెట్టవచ్చును. ఎవరి రాతనైనా చదవవచ్చును, దిద్దవచ్చును. పని చెడగొట్టేవాళ్లు రారా అంటే, దానికి వారి విరుగుడు వినదగినది. యంత్రాన్ని కూల్చివేసే ఆదేశం ఒకటి వారే తయారుచేసి అందరికీ అందుబాటులో ఉంచారు. కూల్చడంలో ఘనత ఏమీ లేదని తేలిపోయిన తరువాత కూల్చాలన్న సరదా ఎవరికి మిగులుతుంది? అంతేకాదు, బయటివారు తీగ ద్వారా వచ్చి వాడుకొని పోతుంటే వారిని ‘యాత్రికులు’ అని పిలిచి ఆదరించేవారు.

ఈ వాతావరణంలో పెరిగినవాడే రిచర్డ్ స్టాల్‌మన్. 1977 ప్రాంతంలో పక్కనున్న కంప్యూటరు శాస్త్ర ప్రయోగశాలలో సంకేతపదాల పద్ధతి పెట్టినప్పుడు ఆయన ఊరుకోలేదు. మరుగుపరచిన సంకేతపదాలను ఛేదించి, ఒక్కొక్కరికీ వారి సంకేతపదాన్నే రాసి జాబు పంపాడు. ‘మీరు ఈ మాట ఎంచుకున్నట్లున్నారు, దీనికి బదులు ఏమీ రాయకుండా ఒట్టి ఎంటర్ మీట నొక్కే పద్ధతి మీకూ సులువు, అందరికీ సులువు’ అని దాని సారాంశం. ఐదవ వంతు మంది ఆ మాట విన్నారట. ఒక ఉద్యమానికి అది తక్కువే అనిపించవచ్చును. తలుపు తీసిపెట్టుకోమని ఊళ్లో ప్రతి ఇంటికీ జాబు రాసి చూస్తే ఎంతమంది వింటారో ఆలోచిస్తే మాత్రం ఎక్కువే. 1983లో ఆయన మొదలుపెట్టిన గ్నూ ప్రణాళికలో ఈ పట్టుదల జాడలు కనిపిస్తవి. అధికార ఖాతాలోకి మారే ఆదేశానికి రాసిన వివరణలో, కొద్దిమంది చేతిలో సర్వాధికారం ఉంచే ఏర్పాటును తాను ఎందుకు చేర్చలేదో, 1984లో ఎం.ఐ.టి.లో కొందరు అధికారం చేజిక్కించుకొన్న ఉదంతంతో సహా రాశాడు. ఆ వివరణ చాలా ఏళ్లు ఆ పుస్తకంలో ఉండేది.

నా మనస్సు ఆ కుర్రవాళ్ల వైపే మొగ్గుతుంది. కాని ఒక మాట ఒప్పుకోవాలి. వారి వాకిలి తెరిచి ఉన్నది కనుక, లోపలికి వచ్చేవారు ఎటువంటివారో వారికి తెలుసును. ఆ తీగ ప్రపంచమంతటికీ పాకిన తరువాత ఆ లెక్క చెల్లలేదు. ఆ వ్యవస్థ నడిచిన చివరి యంత్రాలను ఎం.ఐ.టి.లో 1990లో ఆపివేశారు.

రెండవ పాయ బెల్ ప్రయోగశాలలది. 1969లో అక్కడ మొదలైన యూనిక్స్‌లో ద్వారపాలకుడు స్థిరపడ్డాడు. లాగిన్ అన్న ప్రశ్న, దాని వెనుక సంకేతపదం. సంకేతపదాన్ని యథాతథంగా దాచక, వెనక్కు విప్పడానికి వీలులేని రూపంలోకి మార్చి దాచే పద్ధతిని పటిష్ఠం చేసినవారు వారే. రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రకటించిన వ్యాసంలో ఒక లెక్క ఉన్నది. వారు సేకరించిన 3,289 సంకేతపదాలలో 2,831, అంటే నూటికి 86, తేలికగా దొరికిపోయేవే. కొందరివి ఒక్క అక్షరమే! మనిషి స్వభావం ద్వారపాలకుణ్ణి ఎప్పుడూ బరువుగానే భావించిందని దీనివల్ల తెలుస్తుంది.

మా మేనల్లుడు చేర్చిన ‘సింగిల్’ అన్న మాట కూడా ఈ యూనిక్స్ వంశపుదే. యంత్రం పాడైనప్పుడు బాగుచేయడానికి నిర్వాహకుడు ఒక్కడే లోపలికి వెళ్లే దొడ్డిదారి అది. ఆ రోజులలో గణకం తాళం వేసిన గదిలో ఉండేది. దాని ముందు కూర్చోగలిగినవాడు గది తాళం ఉన్నవాడే అయి ఉంటాడు. యంత్రాన్ని చేత్తో తాకగలిగినవాడు యజమానే అన్న ఊహ మీద ఆ దారి ఏర్పడింది. యంత్రం గదిలోనుండి మన బల్ల మీదికి వచ్చినా ఆ ఊహ దానితోపాటే వచ్చింది. మా మిత్రుని కంప్యూటరు ఆటోలో మా ఇంటికి వచ్చిన క్షణంలోనే, దాని లెక్కలో నేను యజమానినైపోయాను.

మధ్యలో కొంతకాలం ద్వారపాలకుడే లేని యుగం ఒకటి నడిచింది. 1977 నాటి ఆపిల్ టూ, 1981 నాటి ఐ.బి.ఎం. పీసీ, 1984 నాటి మాకింటోష్, ఇవేవీ నీ పేరేమిటని అడగలేదు. 1984లో మన ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద కొన్ని పాఠశాలలకు బి.బి.సి. మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. పొరుగు పట్టణంలోని ఒక బడిలో దానిని చూశాను. మీట వేయగానే ‘కీచు’మని తెరమీద పేరు వేసుకొని, ఆదేశం కోసం సిద్ధంగా కూర్చునేది. దానిని తాళం వేసిన గదిలో ఉంచి, పైన గుడ్డ కప్పి, పిల్లలను కిటికీలోనుండి చూపించేవారు. యంత్రం ఎవరినీ అడ్డగించకపోతే ఆ పని మన హెడ్మాస్టర్లు చేసేవారన్నమాట.

ఇక చిత్రరూప ప్రవేశ తెర. 1984లో ఎం.ఐ.టి.లోనే ఎక్స్ విండో వ్యవస్థ మొదలైంది. యూనిక్స్ యంత్రాలకు బొమ్మలు, కిటికీలు వచ్చినవి. అయినా చాలాకాలం లోపలికి పోయేది పాత అక్షర ద్వారంలోనుండే. పేరు, సంకేతపదం చెప్పి లోపలికి పోయి, ఆ తరువాత బొమ్మల తెరను మనమే పిలుచుకోవాలి. సొంత బుర్ర లేకుండా తెర మాత్రమే ఉన్న టెర్మినళ్లు వచ్చేసరికి ఇది కుదరలేదు. వాటిలో అక్షర ద్వారమే లేదు. అందుకని 1988లో ఎక్స్‌డిఎం అనే కార్యక్రమాన్ని కీత్ పాకార్డ్ రాశాడు. బొమ్మల తెరను ముందే లేపి, దానిమీదనే పేరు అడిగి, పని ముగించి వెళ్లగానే మళ్లీ ఆ ప్రశ్నతో సిద్ధంగా నిలిచేది. నేడు మనం చూసే నీలి తెరలు, పూల బొమ్మలతో పేరు అడిగే తెరలు, చాలావరకు దాని సంతతి, లేదా దానిని చూసి పుట్టినవి. మా మిత్రుని ఇంట్లో ఉన్నది ఒకే మనిషి, ఒకే యంత్రం. అక్కడ నిలబడిన కాపలావాడు మాత్రం పెద్ద విద్యాలయపు వసారాలో వందలమంది వచ్చిపోయే చోటుకోసం నియమించినవాడు.

లినక్స్ తొలినాళ్ల వాడుకరులలో చాలామందికి వీడు నచ్చలేదు. అప్పటి రెడ్‌హాట్ వంటి వాటిలో ఇనిట్‌టాబ్ అనే దస్త్రంలో 5 అన్న అంకెను 3గా మారిస్తే చాలు, బొమ్మల తెర లేవకుండా అక్షర ద్వారం దగ్గరే ఆగేది. కావలసినప్పుడు ‘స్టార్ట్‌ఎక్స్’ అని బొమ్మలను పిలుచుకొనేవారు. ఇది కేవలం బింకం కాదు. జ్ఞాపకశక్తి తక్కువైన పాత యంత్రాలకు బొమ్మలు బరువు. పైగా తెరకు సంబంధించిన అమరికలో లోపముంటే ఆ ప్రవేశ తెర లేవబోయి పడిపోయి, మళ్లీ లేవబోయి పడిపోయి, చివరకు ‘మరీ వేగంగా లేస్తున్నది, ఐదు నిమిషాలు ఆపుతున్నాను’ అని వ్యవస్థే దానిని కూర్చోబెట్టేది. 2010లో సిస్టమ్‌డి వచ్చిన తరువాత ఆ అంకెలు పోయి లక్ష్యాల పేర్లు వచ్చినవి, కాని పని అదే.

అయితే ఇందులో తెలుగువాడికి ఒక ఇబ్బంది ఉన్నది. ఆ నల్లని అక్షర తెర చదరంగపు పలక వంటిది. ఒక్కొక్క గడిలో ఒక్క రూపమే ఇముడుతుంది, మొత్తం 512 రూపాలకు మించి ఒకేసారి పట్టవు. ఆంగ్లానికి అది ధారాళం. గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు ఒకదానిమీద ఒకటి కూర్చునే మన లిపికి ఆ పలక చాలదు. చిత్రరూప ద్వారాన్ని పూర్తిగా తీసివేస్తే దానితోపాటు తెలుగూ పోతుంది. ఇది నాకు పుస్తకాలవల్ల తెలియలేదు. ఆ సాయంత్రం మా మేనల్లుడు మిత్రుని దస్త్రాల పట్టికను తెరమీదికి తెచ్చినప్పుడు ప్రత్యక్షంగా చూశాను. ఆయన దస్త్రాలకు పేర్లు తెలుగులోనే పెట్టుకున్నారు. తెరమీద వరుసగా గుర్తుపట్టరాని గడులు. ఒక్క మాట చదవడానికి లేదు. ద్వారపాలకుణ్ణి దాటాము గాని లోపల దీపం లేదు. ఏది పనికివచ్చేదో, ఏది కాదో తెలియక, ఉన్నదంతా గుడ్డిగా ఒక పెన్‌డ్రైవులోకి ఎత్తుకున్నాము.

అందుచేత నావంటివారికి పనికివచ్చేది మరొక పద్ధతి: బొమ్మల తెరను ఉండనిచ్చి, ప్రశ్నను మాత్రం మాన్పించడం. ప్రవేశ తెరను నడిపే కార్యక్రమానికి ఫలానా పేరుగల వ్యక్తిని అడగకుండా లోపలికి పంపమని ముందే చెప్పిపెట్టవచ్చును. ఇందులోనూ ఒక తమాషా ఉన్నది. వీధి తలుపు అడగదు గాని, లోపల సంకేతపదాలు దాచుకొనే తాళపుచెవుల గుత్తి ఒకటి ఉంటుంది. అది మాత్రం తాళం వేసే ఉంటుంది. బీరువా దగ్గర మళ్లీ ‘నీవెవరు’ అని ప్రశ్న వస్తుంది. విండోస్ కథ వేరు. 1995 నాటి విండోస్ సంకేతపదం అడిగేది గాని, ఎస్కేప్ మీట నొక్కితే దారి ఇచ్చేది. 2001 నాటి ఎక్స్‌పిలో సంకేతపదమే లేని ఖాతాను ఆ యంత్రం ముందు కూర్చున్నవాడు తప్ప తీగ ద్వారా వచ్చినవాడు వాడుకోలేడు. ఈ రెండవది నాకు నచ్చింది. ఇంట్లోవాళ్లకు తలుపు తెరిచి, వీధివాళ్లకు మూసిన ఏర్పాటు అది.

ఇంతవరకు చెప్పినవన్నీ తలుపులు. అసలు తాళం ఇటీవలి కాలపుది. డిస్కు మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ గూఢలిపిలోకి మార్చి ఉంచే పద్ధతి నేడు మామూలైంది. చేతి ఫోన్లు అలాగే వస్తున్నవి, చాలా ల్యాప్‌టాపులూ అంతే. అక్కడ ‘సింగిల్’ అన్న మాట పనిచేయదు. దొడ్డిదారిన వెళ్లినా లోపల ఉన్నది బూడిద వంటిదే. దొంగతనానికి గురైన యంత్రం విషయంలో ఇది ఎంతో మేలు, కాదనను. కాని మా మిత్రులు పదేళ్ల తరువాత, ఈ కొత్త యంత్రాలలో ఒకదాని మీద ఆ పని చేసి, ఎవరికీ మాట చెప్పకుండా వెళ్లిపోయి ఉంటే ఆ లంకల మాటలు ఆయనతోపాటే వెళ్లిపోయేవి. ఆ తాళం దొంగకూ ఇల్లాలికీ తేడా ఎరుగదు.

ఆ రాత్రి పెన్‌డ్రైవును మా కంప్యూటరుకు పెట్టి తెరిచాము. గడులు పోయి పేర్లు కనిపించినవి: పడవ మాటలు, వలల మాటలు, వరద మాటలు, పశువుల రోగాలు. ఆమె కొంతసేపు చూసి, “ఇది ఆయన అక్షరంలా లేదు గాని ఆయన మాటలే” అన్నారు. కలిపి అచ్చు తీస్తే నాలుగు వందల పుటలు దాటింది. రెండు ప్రతులు కుట్టించి ఒకటి ఆమెకు ఇచ్చాను, ఒకటి నాదగ్గర ఉన్నది.

మా ఇంట్లో కంప్యూటరు మీట వేయగానే ఏమీ అడగకుండా తెరుచుకొనేటట్లు మా మేనల్లుడిచేత అప్పుడే పెట్టించాను. డిస్కుకు గూఢలిపి తాళం వేయలేదు. బ్యాంకు వ్యవహారాలు ఆ యంత్రంలో చేయను; వాటికి పాస్‌బుక్కు, బ్యాంకు గుమాస్తా ఉన్నారు. మధ్యాహ్నం నేను నిద్రపోతున్నప్పుడు మా ఆవిడ దానిలో హరికథలు పెట్టుకొని వింటుంది. మొదట్లో నా దస్త్రం ఒకటి పొరపాటున చెరిపివేసింది. మా మేనల్లుడు ఆమెకు వేరే పేరుతో వేరే వాకిలి పెడతానన్నాడు గాని, రోజూ ఎవరు నీవని అడిగించుకోవడం తనవల్ల కాదన్నది. ఆ చెరిగిన దస్త్రం ఈ టపాకు మొదటి చిత్తుప్రతి.